కరెంటు పెట్టే ముందు జన్యు పరీక్ష: డాక్టర్లు ఏమంటున్నారు?

గత ఏడాది మా సొసైటీకి వచ్చిన వైద్య సహాయ దరఖాస్తుల్లో ఒకటి మమ్మల్ని చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. కోరుట్లకు చెందిన ఒక తల్లి. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. బుగ్గ లోపల పుండు ఎంతకీ మానకపోతే జగిత్యాలలో చూపించారు. అక్కడి డాక్టరు చూసి వెంటనే హైదరాబాదుకు పంపాడు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. ఆరు వారాల లోపల రేడియేషన్ మొదలుపెట్టాలని అక్కడ చెప్పి పంపారు.

దరఖాస్తులో అడిగింది మందుల ఖర్చు కాదు, ప్రయాణం ఖర్చు కాదు. గల్ఫ్‌లో పనిచేస్తున్న పెద్దకొడుకు ఎవరి ద్వారానో విన్నాడు: రేడియేషన్ ఒంటికి పడుతుందా లేదా ముందే చెప్పే జన్యు పరీక్ష ఒకటి ఉందని. ఆ పరీక్షకు డబ్బు కావాలి. అది తేలేదాకా అమ్మను కరెంటు కింద పడుకోబెట్టం అన్నారు. మన వైపు రేడియేషన్‌ను అందరూ 'కరెంటు పెట్టుడు' అనే అంటారు కదా, మేమూ ఈ వ్యాసంలో అక్కడక్కడా అదే మాట వాడుతున్నాం.

ఇంటికి వెళ్లి మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. ఆమె అక్క సిరిసిల్లలో ఉంటుంది. కొన్నేళ్ల కింద ఆమెకూ ఇదే జబ్బు, ఇదే చికిత్స. ప్రాణం దక్కింది కానీ నోరు బిగుసుకుపోయింది, రెండు వేళ్లు పట్టవు. తర్వాత దవడ ఎముక కుళ్లి, గొట్టంతో జావ పోసే దశ వచ్చింది. చెల్లెలు ఒకే మాట అంది. "మా రక్తానికి కరెంటు పడదు సార్. అక్కను కండ్లార చూసిన. అట్ల బతికేకంటే ఇట్లనే పోత."

పరీక్ష ఖర్చు, ఒక మనిషి ఆరేడు వారాలు హైదరాబాదులో ఉండి చికిత్స చేయించుకోవడానికి అయ్యే గది అద్దె, తిండి ఖర్చులకు ఇంచుమించు సమానంగా ఉంది. మా కమిటీలో సగం మంది ఇచ్చేద్దాం, ధైర్యం వస్తుంది కదా అన్నారు. మిగతా సగం, డాక్టరు రాయని పరీక్షకు దాతల సొమ్ము ఎలా ఇస్తాం అన్నారు. సొమ్ము మనది కాదు, అమానత్. అందుకే ఇచ్చేదీ మానేదీ తేల్చేముందు జగిత్యాలలోనూ హైదరాబాదులోనూ తెలిసిన డాక్టర్లను కలిసి అడిగాం. ఇంటికొచ్చి చదివాం కూడా. మేము పాఠాలు చెప్పుకునేవాళ్లమే తప్ప వైద్యులం కాము. అర్థమైనంత వరకు దాతలకు చెబుతున్నాం.

ముందుగా, రేడియేషన్ చేసే పని. క్యాన్సర్ కణాల లోపల ఉండే డీఎన్‌ఏ అనే పోగును అది తెంపుతుంది. దారిలో ఉన్న మంచి కణాల పోగులూ తెగుతాయి. తేడా ఏమిటంటే, మంచి కణాలకు రాత్రికి రాత్రి తెగిన పోగును అతుక్కునే నేర్పు ఎక్కువ. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర తెగిన పోగును ముడివేసే పనివారిని చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. అందుకే మొత్తం మోతాదును ఒక్కసారి ఇవ్వరు. నోటి, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా 60 నుంచి 70 గ్రేల మోతాదును 30 నుంచి 35 సిట్టింగులుగా విడగొట్టి, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. ప్రతిరోజూ మధ్యలో మంచి కణాలకు మరమ్మతుకు టైము దొరకాలని ఈ ఏర్పాటు.

ఈ మరమ్మతు నేర్పు అందరిలో సమానంగా ఉండదు. ఇది కొత్త సంగతి కాదు. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలను కనుగొన్న తర్వాత తొలి రోజుల్లో మోతాదును కొలిచే సరైన సాధనాలే లేవు, చర్మం ఎర్రబడటమే కొలతగా వాడేవారు. ఒకరి చర్మం తొందరగా ఎర్రబడుతుంది, ఇంకొకరిది ఆలస్యంగా. ఈనాటి మోతాదులు కూడా నూటికి కొద్దిమందికి, అయిదారుగురికో పదిమంది లోపో, తీవ్రమైన నష్టం జరిగే హద్దును చూసుకుని నిర్ణయించినవే. అంటే ఆ కొద్దిమందిని కాపాడటానికి మిగతా తొంభై మందికి మోతాదును ఒక గీత దగ్గర ఆపుతున్నారు. ఆ కొద్దిమంది ఎవరో ముందే తెలిస్తే? వారికి తగ్గించవచ్చు, మిగిలినవారికి కావలిస్తే పెంచవచ్చు. ఈ ఆశ నుంచే జన్యు పరీక్ష అనే ఆలోచన పుట్టింది. ఆశ తప్పు కాదు. మేము కలిసిన డాక్టర్లలో ఒక్కరూ దీన్ని కొట్టిపారేయలేదు.

అయితే రాయరు. ఎందుకు రాయరు?

ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లుగా రేడియేషన్ ఇస్తున్న డాక్టరు, మమ్మల్నే ఎదురు ప్రశ్న వేశారు. "రిపోర్టు చెడుగా వచ్చిందనుకోండి. నన్నేం చెయ్యమంటారు?" మోతాదు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది. నోటి క్యాన్సర్ తిరగబెడితే రెండోసారి చేయడానికి చేతిలో మిగిలేది తక్కువ. మానేస్తే అసలుకే మోసం. ఇక పరీక్ష దేనికి? ఈ ఒక్క ప్రశ్నలోనే డాక్టర్ల ధోరణి చాలావరకు ఉంది. ఫలితాన్ని బట్టి తాము చేసే పని మారేటట్టయితేనే వారు పరీక్ష రాస్తారు.

దీనికి మన తెలుగునాట మంచి ఉదాహరణ ఉంది. ఆర్యవైశ్య సోదరుల్లో కొందరికి, ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును అరిగించుకునే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోయే ఆ మందు వారిలో గంటల తరబడి దిగదు, అంతసేపూ యంత్రం మీద శ్వాస ఇవ్వాలి. దీన్ని మన మత్తు డాక్టర్లు జన్యుశాస్త్రం పుస్తకాల కంటే ముందు అనుభవం మీదే గమనించారు. ఈనాటికీ ఆపరేషన్ ముందు చాలామంది ఆ విషయం అడిగి తెలుసుకుంటారు. ఎందుకంటే ఆ మందు బదులు వాడటానికి వేరే మందు ఉంది. కీమోలో వాడే 5-ఎఫ్‌యూ, కేపసిటబిన్ మందుల సంగతీ ఇంతే. డీపీవైడీ అనే జన్యువులో లోపం ఉన్నవారికి అవి ప్రాణాంతకం కావచ్చు. ముందే తెలిస్తే మోతాదు తగ్గించి ఇవ్వవచ్చు. అందుకే యూరప్ మందుల సంస్థ 2020లో ఆ పరీక్షను ముందుగా చేయమని సిఫారసు చేసింది. కాబట్టి డాక్టర్లకు జన్యు పరీక్షలంటేనే గిట్టదు అనుకోవడం తప్పు.

రేడియేషన్ దగ్గర చిక్కు వేరు. అక్కడ తప్పు ఒక్క జన్యువులో లేదు. చాలా ఏళ్లు శాస్త్రవేత్తలు ఒక్కో జన్యువును పట్టుకుని, ఇదే కారణం, అదే కారణం అని చిన్న చిన్న అధ్యయనాలు ప్రచురించారు. 2012లో బ్రిటన్ పరిశోధకులు 1,613 మంది రోగుల మీద, అప్పటిదాకా పేరుబడ్డ 46 జన్యువుల్లోని 92 తేడాలను మళ్లీ పరీక్షించి చూశారు. ఒక్కటి కూడా నిలబడలేదు. మా విద్యార్థి ఒకడు పోయినసారి ప్రశ్నాపత్రం చూసి ఈసారి వచ్చే ప్రశ్నలు చెప్పినట్టయింది. ఈ రంగంలోని డాక్టర్ల జాగ్రత్తకు ఆ దెబ్బ కూడా ఒక కారణం.

అక్కడితో ఆగలేదు. 2009లోనే పలు దేశాల పరిశోధకులు మాంచెస్టర్‌లో కలిసి రేడియోజెనోమిక్స్ కన్సార్షియం అనే కూటమి పెట్టుకున్నారు, వేలమంది రోగుల వివరాలు ఒకచోట చేర్చడానికి. 2016లో 17 బృందాల నుంచి 5,456 మంది రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల లెక్కలు కలిపి చూస్తే ఏటీఎం అనే జన్యువులోని ఒక తేడాకు కొంత సంబంధం కనిపించింది. (పేరు వింటే బ్యాంకు గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.) ఎంత సంబంధం? వెంటనే వచ్చే బాధల విషయంలో ఒకటిన్నర రెట్ల వంతున. లెక్క వేసుకుంటే, మామూలుగా నూటికి పదిమందికి వచ్చే ఇబ్బంది, ఆ తేడా ఉన్నవారిలో సుమారు పద్నాలుగు మందికి వస్తుంది. మిగతా 86 మందికి రాదు. ఈ సమాచారంతో ఒక మనిషి ముందు కూర్చుని "నీకు వస్తుంది", "నీకు రాదు" అని ఏ డాక్టరు చెప్పగలడు?

ఫ్రాన్స్‌లోని మాంపెలియే డాక్టర్లది ఇంకో దారి. జన్యువును చదవకుండా, రోగి రక్తం తీసి దానికే 8 గ్రేల రేడియేషన్ ఇచ్చి, 48 గంటల తర్వాత తెల్లకణాల్లో ఒక రకం ఎన్ని చనిపోయాయో లెక్కిస్తారు. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, ఎక్కువ చనిపోతే మంచిది. వారికి తర్వాతి కాలంలో కండ గట్టిపడే బాధ తక్కువ. 502 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. మేము కలిసిన వారిలో వయసులో చిన్న డాక్టరమ్మ ఒకరు ఈ రకం పరీక్షల మీద చాలా ఆసక్తిగా ఉన్నారు. ఆమె చెప్పిన కారణం మాకు నచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో చాలాసార్లు రెండు దారులుంటాయి: గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వడం, లేదా రొమ్ము మొత్తం తీసేయడం. ప్రోస్టేట్‌లోనూ అంతే, ఆపరేషన్ లేదా రేడియేషన్. ఇలా రెండు దారులున్నచోట, నమ్మదగిన పరీక్ష ఉంటే రోగి తన దారి ఎంచుకోవచ్చు. కానీ మన దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ నోటివి, గర్భసంచి ముఖద్వారానివి. బాగా ముదిరాక వస్తారు. అక్కడ రేడియేషన్ తప్ప రెండో దారి ఉండదు.

ఆమెదే ఇంకొక అభ్యంతరం. ఈ అధ్యయనాల్లో ఎక్కువమంది యూరప్, అమెరికా వాళ్లు. మన రక్తంలో ఆ తేడాలు ఎంతమందిలో ఉన్నాయి, అవే ఫలితం ఇస్తాయా అన్నది మన రోగుల మీద చూడాలి. మన దేశంలో 10,000 మంది జన్యు వివరాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అది పునాది మాత్రమే, దాని మీద ఈ ప్రశ్నకు గోడలు ఇంకా లేవాలి.

డాక్టర్లు గట్టిగా పట్టించుకునే జన్యు సంగతి ఒకటుంది, దాన్ని దాతలు కూడా తెలుసుకోవాలి. ఆ ఏటీఎం జన్యువే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ పాడైపోయి వస్తే అటాక్సియా టెలాంజియెక్టాసియా అనే అరుదైన జబ్బు వస్తుంది. బిడ్డ నడక తూలుతుంది, కంటి తెల్లగుడ్డులో ఎర్రని నరాలు తేలతాయి, మాటిమాటికి జ్వరాలు, దగ్గులు. ఇలాంటి బిడ్డకు క్యాన్సర్ వస్తే మామూలు మోతాదు రేడియేషన్ ఘోరంగా దెబ్బతీస్తుంది. ఇది 1960ల నుంచే తెలుసు, జన్యువును 1995లో పట్టుకున్నారు. దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్లలో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. మేనరికాలు మన ప్రాంతంలో అన్ని మతాలవారిలోనూ ఉన్నాయి కాబట్టి ఇది ఎవరినీ వేలెత్తి చూపే మాట కాదు. పెద్ద డాక్టరు కోరుట్ల తల్లిని అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. "ఇంట్లో తూలుతూ నడిచే పిల్లలు ఎవరైనా ఉన్నారా? చిన్న వయసులో క్యాన్సర్ వచ్చినవాళ్లు?" లేరు. ఉంటే అప్పుడు ఆయనే పరీక్షకు పంపేవారట. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.

చాలామంది అడిగే బీఆర్‌సీఏ పరీక్ష గురించి కూడా ఒక మాట. అది రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వంశంలో వస్తాయా అని చూసే పరీక్ష. ఆ లోపం ఉన్నవారికి రేడియేషన్ బాధలు ప్రత్యేకంగా ఎక్కువని తేలలేదు. రెంటినీ కలపకూడదు.

డాక్టర్లు గొంతు తగ్గించి చెప్పిన సంగతి ఇంకొకటుంది. రిపోర్టులో ఏదో ఉందని తేలితే అది ఒక్క రోగితో పోదు. కూతుళ్ల సంబంధాలు చూసేటప్పుడు "ఆ ఇంటి రక్తంలో ఏదో ఉందట" అనే మాట పుడుతుంది. ఆ కాగితం అర్థం ఏమిటో కూర్చోబెట్టి వివరించే మనిషి లేకుండా కాగితం చేతికివ్వడం వారికి ఇష్టం లేదు. మేము టీచర్లం. మార్కుల షీటు అర్థం కాక పిల్లవాణ్ణి బడి మాన్పించిన తల్లిదండ్రులను చూశాం. ఈ భయం మాకు బాగానే అర్థమైంది.

ఇక కాలం సంగతి. మా దృష్టిలో అన్నిటికంటే బరువైన కారణం ఇది. ప్రైవేటు పరీక్ష రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుందన్నారు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లో మొదలుకావలసిన చికిత్స ఆలస్యమవుతుంది. మొదలయ్యాక మధ్యలో ఆగినా నష్టమే. మెడ, నోటి క్యాన్సర్లలో చికిత్స సాగిన ఒక్కో అదనపు రోజుకు జబ్బు అదుపులో ఉండే అవకాశం నూటికి ఒకటికి పైగా పడిపోతుందని పాత అధ్యయనాలే చెప్పాయి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌లో మొత్తం చికిత్స 8 వారాల్లో ముగియాలంటారు. అంటే పండుగకు ఊరికొచ్చి వారం ఆగినా, బస్సు చార్జీకి లేక నాలుగు రోజులు పోకపోయినా, జన్యువు చేసే నష్టం కంటే అది పెద్దది కావచ్చు.

ఇప్పుడు సిరిసిల్ల అక్క దగ్గరికి వద్దాం. ఆమె పాత కాగితాలు డాక్టరుకు చూపించాం. ఆయన రక్తం గురించి అడగలేదు. "పన్ను ఎప్పుడు పీకారు?" అన్నారు. రేడియేషన్ అయిన ఏడాదిన్నరకు, పన్ను నొప్పి అంటే ఊళ్లోనే ఒకచోట పీకించుకుంది. కరెంటు తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. అక్కడ పన్ను పీకితే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంటుంది. అందుకే పాడైన పళ్లను రేడియేషన్‌కు రెండు వారాల ముందే తీయించాలి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నోరు బిగుసుకోకుండా రోజూ చేయాల్సిన వ్యాయామం కూడా చెప్పలేదు, లేదా చెప్పింది అర్థం కాలేదు. ఎక్కడ తప్పిందో ఇప్పుడు తవ్వడం వల్ల లాభం లేదు. చెల్లెలికి మాత్రం ఈ ఒక్క సంగతి ఎంతో పనికొచ్చింది. అక్కను అలా చేసింది ఒక పన్ను కావచ్చని, ఇద్దరూ పంచుకున్న రక్తమే కారణం అనుకోనక్కర్లేదని తెలిసిన రోజు ఆమె ముఖం మారింది. పక్కన కూర్చున్న అక్కే అంది, "నువ్వు పో చెల్లే. నాకు చెప్పెటోడు లేకుండె, నీకున్నరు."

యంత్రాలు కూడా మారాయి. పాత పద్ధతిలో లాలాజల గ్రంథులు రెండు వైపులా కరెంటు దారిలో పడేవి. ఐఎంఆర్‌టీ అనే కొత్త పద్ధతిలో కిరణాల తీవ్రతను మార్చి మోతాదును మలిచి గ్రంథికి పడే భాగాన్ని తగ్గించవచ్చు. బ్రిటన్‌లో 2011లో ప్రచురించిన ఒక పరీక్షలో, ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయినవారు పాత పద్ధతిలో నూటికి 74 మంది, కొత్త పద్ధతిలో 38 మంది. ఏ జన్యు పరీక్షా ఇవాళ ఇంత తేడా తేలేదు. తంబాకు, గుట్కా మానడం, షుగర్ అదుపులో ఉంచుకోవడం వల్ల కూడా బాధలు తగ్గుతాయి. ఇవి చెప్పడానికి పరీక్ష అక్కర్లేదు కాబట్టి ఎవరూ గొప్పగా చెప్పరు.

మన దాతలకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మన జిల్లాల పేదలు ఎక్కువగా వెళ్లే క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. దాని పేరులోని ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్, తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయిన పెద్దమనిషి. ఆ పేరు చెబితే మన పిల్లల్లో చాలామంది నోరు తెరుస్తారు, ఎవరు అంటారు.

చివరకు కమిటీ పరీక్షకు డబ్బు ఇవ్వలేదు. అదే మొత్తాన్ని వేరే విధంగా ఖర్చు పెట్టింది: దంత వైద్యుడి ఫీజు, ఆసుపత్రి దగ్గరలో గది, తోడు ఉండే కోడలికి తిండి, జగిత్యాల నుంచి రానుపోను బస్సు. దాదాపు 200 కిలోమీటర్ల దూరం రోజూ తిరగలేరు కదా. డాక్టరు రాసి, ఫలితాన్ని బట్టి చికిత్స ఎలా మారుతుందో ఒక వాక్యంలో చెప్పగలిగితే ఏ జన్యు పరీక్షకైనా సాయం చేయాలని కూడా అదే రోజు రాసుకున్నాం. కమిటీలో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోరు, కొడుకు అడిగింది ఇచ్చి ఉంటే మనసు నిమ్మళంగా ఉండేది అంటారు. వారి మాటలోనూ న్యాయం లేకపోలేదు.

ఆమె నాలుగు పళ్లు తీయించుకుని, గాయం మానాక, ఆరో వారంలో చికిత్స మొదలుపెట్టింది. 33 సిట్టింగుల్లో మూడు రోజులు తప్పాయి, రెండు సెలవులు, ఒకరోజు యంత్రం రిపేరు. నాలుగో వారంలో నోరంతా పూసి, మింగలేక ఏడ్చి, ఇంటికి పోతానని పట్టుబట్టింది. కోడలు పోనివ్వలేదు. ఉప్పు, సోడా కలిపిన నీళ్లతో పుక్కిలింతలు, నొప్పి మందు, పాలు, పల్చని జావ. అలా గట్టెక్కింది. గల్ఫ్ నుంచి కొడుకు రోజూ రాత్రి వీడియో కాల్ చేసి, ఇవాళ ఎన్నోది అమ్మా అని అడిగేవాడట.

మొన్న కోరుట్లలో కలిశాం. బీడీల చాట పక్కన పెట్టేసింది. నోట్లోకి మూడు వేళ్లు పడుతున్నాయని మాకు పెట్టి చూపించింది. అన్నంలో పులుసు ఎక్కువ పోసుకుంటేనే దిగుతుంది, నీళ్ల సీసా చేతిలో లేకపోతే ఎక్కడికీ పోదు. మూడు నెలలకోసారి చెకప్‌కు హైదరాబాదు వెళ్తోంది. పోయినసారి తోడు అక్కను కూడా తీసుకుపోయింది, దవడ చూపించడానికి.